పెరట్లో బల్బు

పొద్దు గూకగానే పెరట్లో లైటు వెయ్యడం నా పనుల్లో ఒకటి. వాకిలి ఊడ్వడం, బోళ్లు తోమడం, అత్త మోకాళ్లకు నూనె రాయడం లాంటిదే అదీ. ఆ పనుల్లో ఏది మరిచిపోయినా అత్త ఒక మాట అని ఊరుకుంటుంది. లైటు మరిచిపోతే మాత్రం దోహా నుంచి ఫోన్ వస్తుంది.

"పెరట్ల లైటు ఏసినవా, వనజా?"

మా ఆయన నరేశ్ మొదటి మాట ఎప్పుడూ అదే. తిన్నవా, బిడ్డ బడికి పోయిందా, అమ్మ గోలీలు ఏసుకున్నదా, ఇవన్నీ ఆ తర్వాత. పోయినసారి సెలవు మీద వచ్చినప్పుడు ఇంటికి ఏదో ఒకటి చెయ్యాలని ఆయన చేసిన పని ఆ లైటే. పెరడు నడుమ ఇనుప పైపు పాతించి పెద్ద బల్బు పెట్టించాడు. "గల్ఫుకు పోయినోని ఇల్లు చీకట్ల ఉండద్దు. పదిమంది పది తీర్ల అనుకుంటరు. తెల్లారేదాక ఎలగాలె" అన్నాడు. నేను తల ఊపాను. మా ఇల్లు కోరుట్ల చివర, వెనకంతా పసుపు చేన్లు. దొంగల భయానికి, పాముల భయానికి మంచిదే కదా అనుకున్నాను. ఆయన విమానం ఎక్కాక గాని ఆ వెలుగు దేనికి పనికొస్తుందో నాకు అర్థం కాలేదు.

మాది పాత ఇల్లు. వంటింటి తలుపు తీస్తే పెరడు, పెరటి చివర బాత్రూం. గోడకు అవతల నరేశ్ వాళ్ల అన్న, మా బావ లింగన్న ఇల్లు, ఆ ఇంటికి మేడ. చీకటి పడగానే బావ మేడ మీద కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఆయన కూర్చున్న చోటు చీకటి, నేను నడిచే చోటు వెలుగు. ఆయన మొహం నాకు కనిపించదు, బీడీ నిప్పు ఒక్కటే కనిపిస్తుంది. నేను తలుపు తీసింది మొదలు బాత్రూం గొళ్లెం పెట్టుకునేదాకా ఆ నిప్పు అక్కడే ఉంటుంది. లోపల కూర్చుంటే బావ గొంతు సవరించుకున్న చప్పుడు వినిపిస్తుంది. సొంత పెరట్లో, సొంత బాత్రూంకు, దొంగలా కొంగు కప్పుకుని నడిచేదాన్ని.

బావ నన్ను ఒక్క మాట అనలేదు. ఒక్కనాడు చెయ్యి తగిలించలేదు. ఎవరికైనా చెప్పుకుందామంటే చెప్పడానికి ఏమీ లేదు, అదే నా భయం. ఒకసారి ఏడుపు ఆపుకోలేక ఆయన భార్య రాజక్కకే చెప్పాను. "ఆయన సూపే గంత, నువ్వు పట్టించుకోకు" అని బియ్యం చాట దగ్గరికి తీసుకుంది. ఆ తర్వాత ఎంతసేపు కూర్చున్నా నా మొహంలోకి చూడలేదు.

ఆ వారంలోనే ఫోన్ వచ్చింది. "రాత్రిపూట ఊకె బయటికి పోతున్నవట. ఏంది కథ?" అన్నాడు నరేశ్. నవ్వుతూనే అన్నాడు. కడుపు బాగుంటలేదని అబద్ధం చెప్పాను. నిజం చెప్తే ఏమంటాడో నాకు తెలుసు: "మా అన్న అసొంటోడు కాదు." ఆ మాట ఆయన నోటితో అన్నాక ఇక నాకు ఉండడానికి ఇల్లు ఉండదు. అందుకే మాట మింగేసి నీళ్లు మానేశాను. పొద్దు గూకాక చుక్క నీళ్లు ముట్టేదాన్ని కాదు. నేను బీడీలు చేస్తాను. పొద్దంతా ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. ఆ ఘాటుకు గొంతు పిడచకట్టుకుపోతుంది. అయినా సాయంత్రం చెంబు వైపు చూసేదాన్ని కాదు. కొన్నాళ్లకు మూత్రం పోసుకుంటే మంట మొదలైంది. జగిత్యాలలో డాక్టరమ్మ గోలీలు రాసి, "నీళ్లు ఎందుకు తాగుతలేవమ్మా? ఇంట్ల నీళ్లు లేవా?" అంది. ఉన్నాయని చెప్పాను.

చిక్కుడు పందిరి ఆలోచన నాకు బస్సులో తిరిగి వచ్చేటప్పుడు తట్టింది. వంటింటి తలుపు దగ్గర్నుంచి బాత్రూం తలుపుదాకా పందిరి వేస్తే, పైన, పక్కన తీగ అల్లుకుంటే, దాని కిందినుంచి నేను నడిచిపోవచ్చు. మేడ మీది నుంచి ఆకులు కనిపిస్తాయి, నేను కనిపించను. గోడ కట్టిస్తానంటే ఎందుకంటారు. చిక్కుడు పెడతానంటే ఎవరేమంటారు?

"కూరకు అయితది అత్తా" అన్నాను. మా అత్త భూమవ్వకు చిక్కుడుకాయ కూరంటే ప్రాణం. "పెట్టు మరి" అంది.

నాతో పాటు బీడీలు చేసే సారక్క గింజలిచ్చింది. అవే గింజలు తన ఇంట్లోనూ పెట్టుకుంది. మొదటి వానలు పడ్డాక గుంతలు తవ్వి, మాగిన పెంట ఎరువు, మట్టి కలిపి నింపాను. గింజలు రాత్రి నానబెట్టి పొద్దున పెట్టాను. నీళ్లు నిలిస్తే మొదలు కుళ్లుతుందని చుట్టూ కట్ట కాకుండా పక్కకు కాలువ తీశాను. తీగ పాకడం మొదలయ్యాక వెదురు బొంగులు పాతి, పైన తుమ్మ కొమ్మలు పరిచి, పాత చీర పీలికలతో కట్టాను. పేనుబంక పడితే పొద్దున్నే మంచు తడి మీద బూడిద చల్లాను. కొసలు గిల్లితే కొమ్మలు పక్కకు చీలతాయని గిల్లాను. పండగకు చీర కొనుక్కున్నప్పుడు కూడా నేను అంత ఇదిగా చూసుకోలేదు. ఆకు మీద ఆకు పడి, ఎండ కూడా దూరనంత దట్టంగా అల్లుకుంది. మొదటిసారి దాని కిందినుంచి నడిచిన సాయంత్రం మేడ వైపు చూశాను. నిప్పు కనిపించలేదు. నాకు నిప్పు కనిపించలేదంటే ఆయనకు నేను కనిపించనట్టే కదా.

బావ మరునాడే వచ్చాడు. పందిరి చుట్టూ తిరిగి, "గింత గుబురు పెంచినవేంది? పాములు అస్తయి" అన్నాడు.

"కాయలు కాస్తయి బావా" అన్నాను.

"కాసినప్పుడు సూద్దాం."

కాయలేదు. అదే నా ఖర్మ. సారక్క గోడ మీద తీగ నా తీగలో సగం కూడా లేదు, బక్కగా ఉంది, అయినా బతుకమ్మ పండగ దగ్గరికి వచ్చేసరికి ఊదా రంగు గెలలు నిలబడ్డాయి. నా పందిరికి ఆకే ఆకు. ఎరువు ఎక్కువైందేమోనని నీళ్లు తగ్గించాను. పులిసిన మజ్జిగ పోశాను. ఏదీ లాభం లేకపోయింది. అత్తకు అనుమానం నా మీదికి మళ్లింది. "ముట్టున్నప్పుడు పందిరి కిందికి పోయినవా?" అంది. పోకుండా ఎట్లా? బాత్రూంకు దారే అది. ఆ మాట పైకి అనలేదు.

"దానికి సిగ్గు రావాలె. సిగ్గస్తే పూస్తది. చీపురుతోటి కొట్టు" అంది అత్త. మా వైపు కాయని తీగను చీపురుతో కొట్టడం ఉన్నదే. ఒకరు కొడుతుంటే ఇంకొకరు, కొట్టకు, ఈసారి కాస్తది అని అడ్డం పడాలి. నేను పాత చీపురు తీసుకుని పందిరి ముందు నిలబడ్డాను. "ఎందుకు పూస్తలేవు? తింటున్నవు, తాగుతున్నవు, ఏం రోగం నీకు?" అని కొట్టమంది అత్త. ఆ మాటలు నాకు కొత్తవి కావు. పెళ్లయిన కొత్తలో మా బిడ్డ ప్రణీత కడుపున పడేదాకా నేను విన్నవే. ఆకులు రాలుతున్నాయి. అడ్డం పడి ఇక చాలు అనాల్సిన అత్తకు దగ్గు తెర వచ్చి కూర్చుండిపోయింది. మేడ మీది నుంచి బావ గొంతు వినిపించింది. "ఇంక గట్టిగ కొట్టు వనజా!" నవ్వుతున్నాడు. "దీపావళి దాక సూస్త. పూయకుంటే నేనే అచ్చి కొట్టేస్త."

అవి సకల జనుల సమ్మె రోజులు. బళ్లు మూశారు, బస్సులు ఆగిపోయాయి, ఆఫీసులకు తాళాలు పడ్డాయి. మూడో తరగతి చదివే ప్రణీత పొద్దంతా ఇంట్లోనే. రోడ్డు మీద వంటావార్పు పెడితే వాడకట్టు ఆడవాళ్లమంతా పోయాం. రోడ్డు మీదైనా వండింది మేమే అనుకోండి, అది వేరే మాట. అక్కడ బావ మైకు పట్టుకున్నాడు. "మన మీద ఎవ్వని పెత్తనం అద్దు! మన ఇంట్ల మనం తలెత్తుకోని తిరగాలె!" అన్నాడు. అందరితో పాటు నేనూ జై తెలంగాణ అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను, నాకూ రావాలనే ఉంది తెలంగాణ. కాని ఆ రెండో మాట అంటున్నప్పుడు ఆయన నన్ను చూస్తాడేమోనని గంజి వంపుతున్నట్టు తల వంచుకున్నాను.

సింగరేణిలో బొగ్గు ఆగింది, కరెంటు పోవడం మొదలైంది. మొదట గంట, రెండు గంటలు. తర్వాత పొద్దు గూకేసరికి పోయి తెల్లారేదాకా రాని రోజులే ఎక్కువ. మొదటిరోజు లైటు పోయినప్పుడు ఆ వెలుగును తిట్టుకున్న నేనే చీకటికి భయపడ్డాను. వెలుగులో ఆయన ఎక్కడున్నాడో నాకు తెలిసేది. చీకట్లో ఎక్కడైనా ఉండొచ్చు.

అప్పుడే చీకటి పడుతోంది. బాత్రూం నుంచి బయటికి వచ్చి పందిరి కింద సగం దూరం నడిచానో లేదో, రెండిళ్ల నడుమ గోడ పక్క చిన్న గేటు కిర్రుమంది. టార్చి వెలుగు నేల మీద పాకుతూ వచ్చింది. నేను అక్కడే ఆగిపోయాను.

"వనజా... ఏడున్నవ్?" బావ గొంతు. మైకులో గొంతు కాదు, మెత్తటి గొంతు. "భయమైతుందా? నేనున్న గదా."

వెలుగు పందిరి మీద పడింది. ఆకుల మీద అటూ ఇటూ తిరిగింది. లోపలికి రాలేదు. నేను వెదురు బొంగు పట్టుకుని నిలబడ్డాను. ఒక ఆకు నా పెదవుల మీద పడి ఉంది, దాన్ని తియ్యడానికి కూడా చెయ్యి లేపలేదు. ఆయన రెండడుగులు ముందుకు వేశాడు. పందిరి మొదట్లో వంగి లోపలికి చూడబోయాడు. అరుద్దామనుకున్నాను. అరిస్తే, ఏమైంది అని అందరూ వస్తే, నేనేం చెప్పాలి? మా బావ టార్చి తెచ్చాడని చెప్పాలా?

"ఎవ్వలు?" అంది అత్త వంటింట్లోంచి.

టార్చి ఆరిపోయింది. "నేనే అవ్వా. కరెంటు లేదు గదా, సూసిపోదామని అచ్చిన."

ఎప్పుడూ మంచి పని చేశావు బిడ్డా అనే అత్త ఆ రోజు ఆ మాట అనలేదు. ఆమె దగ్గు మాత్రం తలుపు దాకా వచ్చింది. గేటు మళ్లీ కిర్రుమంది. నేను ఇంట్లోకి వచ్చి పొయ్యి ముందు కూర్చుంటే, కందిలి వెలుగులో అత్త నా కాళ్ల వైపు చూసింది. వణుకుతున్న కాళ్లను చీరలోకి లాక్కున్నాను. ఆ రోజు నుంచి కరెంటు లేని ప్రతి సాయంత్రం ఆమె వంటింటి గడప మీద కూర్చుని నేను తిరిగి వచ్చేదాకా దగ్గుతూనే ఉండేది.

పందిరి నన్ను కాపాడిందని నాకు ఆ రోజే తెలిసింది. అది పోతే నేనేమవుతానో కూడా ఆ రోజే తెలిసింది.

దసరా పోయింది. చీకటి అలవాటైంది. పందిరి కింద చీకట్లో నడవడానికి నాకు ఇప్పుడు టార్చి అక్కర్లేదు. పొద్దు గూకాక కూడా కొంచెం కొంచెం నీళ్లు తాగడం మొదలుపెట్టాను. ప్రణీత కూడా నన్ను చూసి గ్లాసు నిండా తాగేది. అట్లా ఉండగా ఒక పొద్దున బూడిద చల్లబోయి చూద్దును కదా, ఆకుల మధ్య నుంచి మొగ్గల గెల ఒకటి తల ఎత్తింది. పక్కన ఇంకొకటి. రెండు మూడు రోజుల్లో పందిరంతా ఊదా రంగు. నాకు ఏడుపొచ్చింది.

"సూసినవా, చీపురు దెబ్బకు సిగ్గచ్చింది దానికి" అంది అత్త మురిసిపోతూ. నేనూ అదే అనుకున్నాను. నిజంగా అదే అనుకున్నాను.

దీపావళికి ముందు సమ్మె ఆగింది. బళ్లు తెరిచారు, బస్సులు కదిలాయి, కరెంటు వచ్చింది. పొద్దు గూకగానే మళ్లీ లైటు వేశాను. మేడ మీద మళ్లీ కుర్చీ పడింది. కొన్నాళ్లకే పూత రాలడం మొదలైంది. కొత్త గెలలు రాలేదు, కొసల్లో మళ్లీ ఆకే. బావ ఒకసారి ఆఫీసుకు పోతూ పోతూ పందిరి లోపలికి చెయ్యి పెట్టి ఒక తీగ లాగి చూశాడు. "పూత నిలుస్తలేదు. దీపావళి సుత పోయింది. ఐతారం నాడు కొట్టేస్త. నరేశ్‌కు సుత చెప్పిన, సరేనన్నడు" అన్నాడు. నా పెరటి సంగతి దోహాలో తేలిపోయింది.

ఆ సాయంత్రమే నాకు రెండు సంగతులు కనిపించాయి. మొదటిది, లైటు వేసి పెరట్లోకి వచ్చినప్పుడు. తీగ ఒక కొమ్మ బాత్రూం గోడ దాటి వెనక్కు పాకింది. అక్కడ గోడ నీడ పడుతుంది, బల్బు వెలుగు పడదు. ఆ కొమ్మకు చేతినిండా కాయలున్నాయి, ఇంకా పూస్తోంది. నీడ ఎక్కడిదాకా ఉందో అక్కడిదాకా గెలలు. వెలుగు మొదలైన చోట ఆకులు. ఒకే తీగ, ఒకే మొదలు, ఒకే నీళ్లు. సారక్క పెరట్లో లైటే లేదు. చీపురు దెబ్బలకు కాదు అది పూసింది. దానికి కావలసింది రాత్రి. తెల్లార్లూ నెత్తి మీద పగలు నిలబెడితే ఏ చిక్కుడు పూస్తుంది? పాపం దాన్ని నేను చీపురుతో కొట్టాను, ఏం రోగం నీకు అని అడిగాను.

రెండోది అన్నం దగ్గర. కూరలో కారం ఎక్కువైంది, ప్రణీత కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. గ్లాసు ముందుకు జరిపితే వెనక్కు నెట్టింది.

"అద్దమ్మా."

"కారమైంది గదా బిడ్డా, తాగు."

"అద్దు. తాగితే బయటికి పోవాల్సస్తది." గొంతు తగ్గించింది. "పెద్దబాపు సూస్తడు."

ఇన్నాళ్లూ నా ఒక్కదాని మీదే అనుకున్నాను ఆ వెలుగు. పోయేది పందిరి ఒక్కటే అనుకున్నాను. నేను ఎవరికీ చెప్పకుండా చేసిన పని, దాచుకున్న దాహం, నా బిడ్డ నా పక్కన కూర్చుని నేర్చుకుంది. ఎనిమిదేళ్ల పిల్ల ఎండిన నాలుకతో పెదవులు తడుపుకుంటోంది. బీడీలు చుట్టడం నేర్పొద్దని ఎంత జాగ్రత్త పడ్డాను నేను, ఇది ఎప్పుడు నేర్పాను?

లేచాను. వంటింట్లో స్విచ్చి ఆపి, స్టూలు తీసుకుని పెరట్లోకి నడిచాను. మేడ మీద నిప్పు ఉంది. స్టూలు ఎక్కి కొంగు చేతికి చుట్టుకుని బల్బు నొక్కి తిప్పాను. ఇంకా వేడిగా ఉంది, గుడ్డలోంచి కూడా కాలింది. ఊడింది. నిప్పు ఒక్కసారి పైకి లేచింది, కుర్చీ జరిగిన చప్పుడైంది. స్టూలు చంకలో పెట్టుకుని, ఇంకో చేత్తో బల్బు పట్టుకుని, పందిరి కిందినుంచి కాక పక్కనుంచి నడిచి వచ్చాను. ఇప్పుడు పెరడంతా ఒకటే చీకటి.

బల్బును బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశాను. అత్త గోడకు ఆనుకుని చూస్తోంది.

"బల్బు పోయిందా?"

"పోలే అత్తా. బల్బు నేనే తీసిన. చీకటుంటేనే చిక్కుడు పూస్తది."

అత్త బియ్యం డబ్బా వైపు చూసింది. తర్వాత, "వాడు ఊకుంటడా?" అంది. ఏ కొడుకు గురించి అన్నదో నేను అడగలేదు. ఆమె మోకాళ్లు పట్టుకుని లేచి, పోయి, గోడ పక్క గేటుకు గొళ్లెం పెట్టి వచ్చింది.

ఫోన్ మోగడం మొదలైంది. బావ మేడ దిగి ఉండడు, అక్కడి నుంచే చేసి చెప్పి ఉంటాడు. ప్రణీత ఫోన్ వైపు, నా వైపు చూసింది. ఎత్తితే మొదటి మాట ఏం వస్తుందో నాకు తెలుసు. ఆ తర్వాత ఏం వస్తుందో తెలియదు, అది తలచుకుంటేనే నోరు ఎండిపోతోంది. "మోగనియ్యి. ఎత్తి నేనే చెప్త" అన్నాను.

ముందు బిడ్డకు గ్లాసు నిండా నీళ్లు పోసి చేతికిచ్చాను. అది తాగేదాకా చూశాను. తర్వాత చెంబు ఎత్తి, గొంతులో ఆగకుండా, చివరి చుక్కదాకా తాగాను.